మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లోకి జూన్ నుంచి మగపిల్లలు కూడా వస్తున్నారు – మీ బడుల్లో ఎలా జరిగిందో చెప్పండి

ఎనిమిదో క్లాసు అమ్మ | ఏప్రిల్ 18, రాత్రి 9:40

నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది పశ్చిమ గోదావరి వైపు ఒక చిన్న పట్నం. ఊళ్ళో రెండు ప్రభుత్వ హైస్కూళ్ళు ఉన్నాయి. బస్టాండు దగ్గరిది మగపిల్లలది, చెరువుగట్టు దాటాక ఉన్నది ఆడపిల్లలది. నేను పదో తరగతి దాకా ఈ రెండోదాంట్లోనే చదివాను, ఇప్పుడు మా పాప చదువుతోంది. ఎనిమిదో తరగతి పరీక్షలు ఈ మధ్యే అయ్యాయి.

మగపిల్లల బడి పైకప్పు పెచ్చులూడి పడుతోంది. రెండు చోట్లా పిల్లలు బాగా తగ్గిపోయారు. అందుకని రెండూ కలిపేసి మా బడిలోనే నడుపుతామంటున్నారు. మా దాంట్లో ఇప్పుడు 160 మంది ఆడపిల్లలు ఉన్నారు. అక్కణ్ణుంచి వచ్చే మగపిల్లలు 210 మంది. ఎవరి బడిలో ఎవరు తక్కువైపోతున్నారో చూడండి.

ఎదురింటివాళ్ళ అమ్మాయి తొమ్మిది పూర్తి చేసింది. మగపిల్లలొస్తే మాన్పించేస్తామని వాళ్ళు అప్పుడే చెప్పేశారు. మా అత్తగారిదీ అదే మాట. మావారు ఎటూ తేల్చట్లేదు. పాప ఖో ఖో ఆడుతుంది. దాన్ని అడిగితే "చదువుకుంటానమ్మా, కానీ వాళ్ళు చూస్తుంటే నేను పరిగెత్తను" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇలా కలిసిన బడుల్లో చదివినవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

లెక్కల టీచర్ | ఏప్రిల్ 18, రాత్రి 10:25

అమ్మా, మీ పాప చెప్పినదాన్ని చిన్నపిల్ల మాటని వదిలెయ్యకండి.

నేను 11 ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి, బదిలీ మీద అందరూ చదివే జడ్పీ హైస్కూలుకి వచ్చాను. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలే, అదే పుస్తకం. పాత బడిలో నేను బోర్డు మీద ఏదైనా తప్పు వేస్తే నలుగురు లేచి "టీచర్, మైనస్ మర్చిపోయారు" అనేవాళ్ళు. కొత్త బడిలో ఆడపిల్లలకు ఆ తప్పు కనబడేది, నోట్సులో సరిచేసి రాసుకునేవాళ్ళు, నోరు మాత్రం విప్పేవాళ్ళు కాదు.

మొదట్లో వీళ్ళకి సబ్జెక్టు రాదేమో అనుకున్నాను. ఒక నెలపాటు డైరీ వెనక పేజీలో గీతలు పెట్టాను, ఎవర్ని అడిగాను, ఎవరు జవాబు చెప్పారు అని. నెలాఖరుకి లెక్క చూసుకున్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కూర్చున్నచోటు నుంచే అరిచి చెప్పే అబ్బాయిల వైపే నేను తిరిగి పాఠం చెప్తున్నానని తెలిసింది. ఆ తప్పు నాది.

అప్పుడు మొదలుపెట్టాను. అరిచి చెప్పిన జవాబు తీసుకోను. ప్రశ్న వేశాక అందరూ నోట్సులో రాసేదాకా ఆగుతాను, తర్వాత పేరు పెట్టి పిలుస్తాను. మన అటెండెన్స్ రిజిస్టర్లలో ముందు అబ్బాయిల పేర్లన్నీ, వాటి కింద అమ్మాయిల పేర్లు ఉంటాయి కదా. నా క్లాసు వరకు అక్షరక్రమంలో కలిపి రాశాను. చూడటానికి ఇవన్నీ చిన్న పనులు. ఆడపిల్లలు మళ్ళీ నా తప్పులు పట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

కలిపితే పిల్లలు పాడైపోతారని నేను అనను. కలిపి ఊరుకుంటే మాత్రం ఆడపిల్లల గొంతు తగ్గిపోతుంది, అది నా కళ్ళారా చూశాను.

పీఈటీ మాస్టారు | ఏప్రిల్ 19, ఉదయం 6:10

గ్రౌండు సంగతి ఎవరూ అడగరు. ఈ అమ్మ అడిగింది, సంతోషం.

ఖో ఖో కోర్టుకి 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. క్రికెట్ మొదలైందంటే ఉన్న గ్రౌండు మొత్తం ఇచ్చినా సరిపోదు. బంతి ఎటు నుంచి వస్తుందో తెలియని చోట ఆడపిల్లలు ముందు గోడ పక్కకి జరుగుతారు, కొన్నాళ్ళకి వరండాలోకి వస్తారు, ఇంకొన్నాళ్ళకి ఆటల పీరియడులో క్లాసులో కూర్చుని నోట్సు రాసుకుంటుంటారు. వాళ్ళని ఎవరూ పొమ్మనలేదు అంటారు మనవాళ్ళు. పొమ్మనక్కర్లేదు, చోటు లేకపోతే చాలు.

మీరు చెయ్యవలసింది ఒకటుంది. బడి తెరిచేలోపే గ్రౌండుకి టైమ్‌టేబుల్ కాగితం మీద రాయించండి. ఖో ఖో కోర్టు గీతలు ఎప్పుడూ చెరగకుండా ఉండాలి, దాని మీద క్రికెట్ పిచ్ వెయ్యకూడదు. వారంలో రెండు సాయంత్రాలు గ్రౌండంతా ఆడపిల్లలదే కావాలి. స్కూల్ గేమ్స్ పోటీల్లో అండర్ 14కి, అండర్ 17కి అమ్మాయిల జట్లు ఎలాగూ వేరే ఉంటాయి, కాబట్టి ఆ జట్టు ఎత్తెయ్యడానికి వీల్లేదు. మీ పాపని మాత్రం ఈ వేసవిలో ఆపకండి. రోజూ పొద్దున్నే పరిగెత్తించండి.

మెకానికల్ 2016 | ఏప్రిల్ 19, మధ్యాహ్నం 1:15

నేను ఎదురు మాట చెప్తున్నాను, కోప్పడకండి.

పదో తరగతి దాకా మగపిల్లల బడి. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో, మా క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. ఇంజినీరింగ్‌లో మెకానికల్, 60 మందిలో ముగ్గురు అమ్మాయిలు. వాళ్ళతో నాలుగేళ్ళలో నాలుగు ముక్కలు మాట్లాడి ఉండను. మా బడిలో ఎవడైనా దెబ్బ తగిలి ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అని సార్లే అనేవాళ్ళు. అది తిట్టని కూడా మాకు తోచేది కాదు.

మొదటి ఉద్యోగంలో నా టీమ్ లీడ్ ఒక అమ్మాయి. నా డ్రాయింగులో తప్పు చూపించినప్పుడు నాకు అవమానంగా అనిపించింది. అదే మాట ఒక మగ మేనేజర్ చెప్తే అలా అనిపించలేదు. ఎందుకిలా అని నన్ను నేను అడుగుతూ పోతే, నాకంటే బాగా చదివే అమ్మాయి పక్క బెంచీలో ఒక్కరోజు కూడా లేదని అర్థమైంది. పదకొండేళ్ళ వయసు నుంచి కలిసి చదివితే ఇది ఉండేది కాదు. ఆ 210 మందికి మీ బడిలో చదవడం మేలు చేస్తుంది.

గుంటూరు నాన్న | ఏప్రిల్ 19, సాయంత్రం 5:50

తమ్ముడూ, నువ్వు మనసు విప్పి రాశావు, మంచిదే. కానీ మగపిల్లలకు బుద్ధి నేర్పడానికి మా ఆడపిల్లలు పాఠ్యపుస్తకాలా? మీరు నేర్చుకునే ఆ రెండు మూడేళ్ళు వాళ్ళు పడే ఇబ్బంది ఎవరి ఖాతాలో రాయాలి?

ఆడపిల్లల బడి అనేది ఊరికే పుట్టలేదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. వేరే బడి ఉంటే తప్ప పంపని ఇళ్ళ నుంచి పిల్లల్ని బయటికి తీసుకురావడానికి అదే దారి అయింది. 130 ఏళ్ళ తర్వాత, 2004లో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలుపెట్టిందీ అలాంటి ఇళ్ళ కోసమే. ఆ ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, పై పోస్టులో ఎదురింటివాళ్ళే సాక్ష్యం. నాకు ఇద్దరు ఆడపిల్లలు. బడి కలిపేస్తామంటే నేనూ ముందు నిలబడి వద్దంటాను.

మెకానికల్ 2016 | ఏప్రిల్ 19, సాయంత్రం 6:30

పాఠ్యపుస్తకాలా అన్న మాట తగిలింది అన్నా. నేను అటువైపు నుంచి ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఇది కూడా చూడండి. పల్లెల్లో జడ్పీ హైస్కూళ్ళు దాదాపు అన్నీ మొదట్నుంచీ అందరూ చదివేవే. ఆడపిల్లలకు విడిగా కట్టింది జనం ఎక్కువున్న పట్నాల్లోనే. డబ్బు పెట్టగలిగినవాళ్ళు ఇంటర్‌కి మళ్ళీ విడి క్యాంపస్ కొనుక్కుంటున్నారు. మీ జిల్లాలో పేద ఆడపిల్లల్లో ఎక్కువమంది ఇప్పటికే మగపిల్లలతో కలిసి చదువుతున్నారు. వాళ్ళ గురించి మనం ఎప్పుడూ భయపడలేదు.

పాలమూరు అక్క | ఏప్రిల్ 20, ఉదయం 11:05

ఆ పిల్లల్లో నేనొకదాన్ని. మా ఊర్లో ఉన్నది ఒక్కటే హైస్కూలు, అందరం అండ్లనే చదివినం. ఆడపిల్లల బడి 14 కిలోమీటర్ల దూరం. కలిసి చదివే బడి లేకుంటే నాకు ఏడో తరగతితోనే చదువు అయిపోయేది. ఇవాళ నర్సుగా పని చేస్తున్నానంటే ఆ బడి వల్లనే. అందుకే మగపిల్లలున్న బడి అంటేనే భయం పెట్టే మాటలు నాకు నచ్చవు.

కానీ నిజం ఇంకోటి కూడా ఉంది. బాత్రూములు మగపిల్లలు ఆడుకునే దిక్కే ఉండేవి. వాళ్ళ ముందట నుంచి నడిచిపోవాలి. ఒకడు ఏదో అంటడు, నలుగురు నవ్వుతరు. మేము పొద్దున ఇంట్లో నీళ్లు తాగి, మళ్ళా సాయంత్రం ఇంటికొచ్చినంకనే తాగేవాళ్ళం. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రికి వచ్చే బడి పిల్లల్ని ఇప్పుడు నేను డ్యూటీలో చూస్తున్న. ప్రతిసారి అదే అడుగుతా, "బడిలో నీళ్లు తాగుతున్నవా బిడ్డా?" అని. చాలామంది తల అడ్డంగా ఊపుతరు.

అమ్మా, మీ మీటింగులో బాత్రూములు ఎన్ని అని మాత్రమే అడగకండి. వాటికి పోయే దారి ఎటు నుంచి ఉంది, లోపల గొళ్ళెం పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, ప్యాడ్లు పడెయ్యడానికి మూత ఉన్న డబ్బా ఉందా, రోజూ కడిగేది ఎవరు, ఇవి అడగండి. ఆంధ్రాలో 2021లో ‘స్వేచ్ఛ’ పథకం కింద నెలకు 10 న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ ప్యాడ్ చేతికిచ్చినంత మాత్రాన కాదు, మార్చుకునే చోటు ఉండాలి.

కొచ్చి నుంచి | ఏప్రిల్ 20, రాత్రి 8:45

తొమ్మిదేళ్ళుగా ఎర్నాకుళంలో ఉంటున్నాం. ఇక్కడ ఈ గొడవ రాష్ట్రమంతా నడిచింది కాబట్టి చెప్తున్నాను.

2022 జూలైలో కేరళ బాలల హక్కుల కమిషన్, 2023-24 విద్యాసంవత్సరం నుంచి ఆడపిల్లల బడి, మగపిల్లల బడి అని వేరుగా ఉండకూడదని ఆదేశం ఇచ్చింది. అప్పటికి రాష్ట్రంలో 280 ఆడపిల్లల బడులు, 164 మగపిల్లల బడులు ఉన్నాయి. ప్రభుత్వం మాత్రం ఒక్కసారిగా మార్చలేమంది. ఆ బడి తల్లిదండ్రుల సంఘం, స్థానిక పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఒప్పుకుని అడిగితే ఒక్కొక్కటిగా మారుస్తామంది. దానికి ముందు 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరి ఆడపిల్లల హయ్యర్ సెకండరీ బడిలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకటే ప్యాంటు, చొక్కా యూనిఫాం పెట్టారు. (పేరు ఆడపిల్లలదే అయినా అక్కడ ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, అబ్బాయిలు కూడా ఉన్నారు.) దాని మీద కూడా ధర్నాలు జరిగాయి.

నాకు బాగా గుర్తున్న విషయం, ఆడపిల్లల బడి మార్చాలంటే పెద్దలు మాట్లాడినంతగా ఆ బడి పిల్లల్ని ఎవరూ అడగకపోవడం. మీ పాపని మీరు అడిగారు. బడిలో ఉన్న మిగతా 159 మందిని అడిగినవాళ్ళు ఉన్నారా?

కోరుకొండ పాత విద్యార్థి | ఏప్రిల్ 21, ఉదయం 7:30

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాను. 1962లో మొదలైన బడి. దాదాపు 60 ఏళ్ళు మగపిల్లలదే. 2021-22 నుంచి దేశంలోని సైనిక్ స్కూళ్ళన్నిటిలో ఆడపిల్లల్ని తీసుకున్నారు, 10 శాతం సీట్లు లేదా కనీసం 10 మంది అన్న లెక్కన. దానికి ముందు 2018-19లో మిజోరంలోని ఛింగ్‌ఛిప్ సైనిక్ స్కూల్లో ప్రయోగంగా చేసి చూశారు.

మాది మీ కథకి తిరగేసిన కథ. ఆడపిల్లలు కొత్తగా వచ్చారు, మగపిల్లలు పాతవాళ్ళు. ఆ నిర్ణయం వచ్చినప్పుడు మా బ్యాచ్ గ్రూపులో రెండు రోజులు వాదన నడిచింది. "మన బడి మనది కాకుండా పోతుంది" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత ఒకసారి చూడటానికి వెళ్ళినప్పుడు పొద్దున్నే పరేడ్ గ్రౌండులో ఆ పిల్లల్ని చూశాను. అంత పెద్ద వరుసల్లో వాళ్ళు గుప్పెడు మంది. ఒక అబ్బాయి అడుగు తప్పితే ఎవరికీ కనబడదు. ఆ పిల్లల్లో ఒకరు తప్పితే గ్రౌండంతా చూస్తుంది. కొద్దిమందే ఉండటం ఎంత బరువో నాకు అప్పుడు తెలిసింది. నేను గ్రూపులో రాసినదానికి సిగ్గుపడ్డాను, ఆ సంగతి గ్రూపులోనే చెప్పాను కూడా.

పనికొచ్చే విషయం ఒకటి చెప్తాను. ఆరో తరగతితో మొదలుపెట్టారు. ఆ బ్యాచ్ ఏటా ఒక క్లాసు పైకి ఎక్కుతుంటే, వెనక నుంచి కొత్తవాళ్ళు వస్తారు. తొమ్మిదో తరగతి పిల్లల మధ్యలోకి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కసారి తెచ్చి కలపలేదు. మీరు అడగగలిగితే ఇది అడగండి.

రిటైర్డ్ హెచ్ఎం | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 3:20

అమ్మాయ్, ఇప్పటిదాకా అందరూ మంచి మాటలే చెప్పారు. నేను కాగితాల సంగతి చెప్తాను, ఎందుకంటే చివరికి నిలబడేది అదే.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పావు వంతు, అంటే 75 శాతం, తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మీ హైస్కూల్లో కమిటీ ఎవరెవరో కనుక్కోండి. చాలాచోట్ల పేరు తల్లిది ఉంటుంది, మీటింగుకి తండ్రి వస్తాడు. ఈసారి తల్లుల్నే తీసుకెళ్ళండి. మీరు అడిగేవి నోటితో చెప్పి రావద్దు, తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. అదే చట్టం షెడ్యూల్లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని ఉంది. ఆ మాట ఎత్తి చూపండి.

రెండు బడులు కలిస్తే టీచర్ పోస్టులు మిగులుతాయి, కొందరు బదిలీ మీద పోతారు. ఆ పోయేవాళ్ళలో లేడీ టీచర్లందరూ ఉంటే మీ పిల్లలు ఏదైనా చెప్పుకోవడానికి మనిషి ఉండదు. ఇది ముందే అడగాలి. యూడైస్‌లో, అంటే బడుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, బడి రకం బాలికల నుంచి కో ఎడ్యుకేషన్‌కి మార్చేస్తారు, బోర్డు మీద పేరు కూడా మారుతుంది.

ఇంకొకటి. పాత ఆడపిల్లల బడులు చాలావరకు ఎవరో దాత ఇచ్చిన స్థలంలో ఉంటాయి. మీ బడి స్థలం ఎవరిదో, దానపత్రంలో ఏమని రాశారో చూడండి. బాలికల విద్య కోసం అని రాసి ఉంటే ఆ మాటకి బలం ఉంటుంది.

సిడ్నీ తెలుగు | ఏప్రిల్ 21, సాయంత్రం 4:05

మాస్టారూ, దానపత్రం మాట చదివి ఆశ్చర్యపోయాను. మా ఊళ్ళో సరిగ్గా దాని మీదే కోర్టు కేసు నడిచింది.

సిడ్నీలో న్యూయింగ్టన్ కాలేజ్ అని 1863లో పెట్టిన మగపిల్లల బడి ఉంది. ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటామని 2023లో ప్రకటించారు. పాత విద్యార్థులు, కొందరు తల్లిదండ్రులు బడి గేటు ముందు నిరసన చేశారు. తర్వాత 1873 నాటి ట్రస్టు పత్రంలో ఉన్న "యూత్" అనే మాట మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు (ఇక్కడ రాష్ట్ర హైకోర్టుని అలా పిలుస్తారు). ఆ రోజుల్లో ఆ మాటకి మగపిల్లలనే అర్థం అని ఒకళ్ళ వాదన. బడి వైపే తీర్పు వచ్చింది. వాళ్ళ ప్రణాళిక కూడా కోరుకొండ అన్న చెప్పినట్టే ఉంది. 2026లో చిన్న తరగతులతో మొదలుపెట్టి, 2033కి బడి మొత్తం కలిసేలా వేసుకున్నారు. పదేళ్ళ ముందు చెప్పి, మెల్లగా మారుస్తున్నారు. మీకు రెండు నెలల ముందు చెప్పారు.

చదువుల పరిశోధన | ఏప్రిల్ 22, రాత్రి 11:10

నేను విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. విడిగా చదివితే మార్కులు పెరుగుతాయా అన్నది ఇక్కడ ఎవరూ అడగలేదు కానీ, మీ మీటింగులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందుకని నాలుగు మాటలు.

2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో 21 దేశాల నుంచి 184 అధ్యయనాలు, 16 లక్షల మంది పిల్లల లెక్కలు కలిపి చూశారు. విడి బడుల్లో చేరే పిల్లల ఇళ్ళే వేరుగా ఉంటాయి కాబట్టి ఆ తేడా తీసేసి చూసినప్పుడు విడి బడికి చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. అలాగని ఎక్కడా లేదని కాదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్లో ఏ పిల్లలు ఏ హైస్కూలుకి వెళ్ళాలో లాటరీలాగా నిర్ణయించేవాళ్ళు. అక్కడ విడి బడుల పిల్లలకి కాలేజీ ప్రవేశ పరీక్షలో కాస్త మెరుగైన మార్కులు వచ్చాయి. ట్రినిడాడ్‌లో 2010లో బాగా వెనకబడ్డ 20 కలిసిన బడుల్ని విడి బడులుగా మార్చి చూస్తే అక్కడా మేలే కనబడింది.

కాబట్టి కలిస్తే మార్కులు పోతాయనీ, పెరుగుతాయనీ ఎవరు గట్టిగా చెప్పినా పూర్తిగా నమ్మకండి. నన్నడిగితే లెక్కల టీచర్ గారి డైరీలో గీతలే మీకు ఎక్కువ పనికొస్తాయి. ఆ లెక్క మీ బడిలో కూడా ఎవరైనా పెట్టాలి.

నవోదయ అమ్మాయి | ఏప్రిల్ 23, ఉదయం 9:00

మా నవోదయలో కనీసం మూడోవంతు సీట్లు ఆడపిల్లలవి. ఆరో తరగతి నుంచి ఒకే ప్రాంగణంలో ఉండి చదివాం, హాస్టళ్ళు మాత్రం వేరు. తొమ్మిదో తరగతిలో కొందరు ఏడాది పాటు వేరే రాష్ట్రం నవోదయకి వెళ్తారు. నేను వెళ్ళాను. భాష రాని చోట మా బ్యాచ్ అబ్బాయిలే నాకు అన్నదమ్ముల్లా తోడున్నారు. పదకొండేళ్ళప్పటి నుంచి ఒకరికొకరం తెలిసినవాళ్ళం కాబట్టి అది కుదిరింది.

మీ పాప వయసులో కొత్తగా కలవడం అంత తేలిక కాదు. అప్పటికే సిగ్గు వచ్చేసి ఉంటుంది. నేను ఒప్పుకుంటాను. కానీ ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరే పిల్లలకి ఏ బాధా ఉండదు, నమ్మండి.

ఎవరైనా హద్దు దాటితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చని పిల్లలందరికీ తెలియాలి. ఆ నంబరు గోడ మీద రాయించండి. మాకు రాసి ఉండేది.

ఎనిమిదో క్లాసు అమ్మ | మే 3, రాత్రి 10:15

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న మీటింగ్ అయింది. ఏం జరిగిందో రాస్తాను.

కొచ్చి నుంచి రాసినవారి మాట పట్టుకుని నేనూ, ఇంకో ఇద్దరు తల్లులూ పది రోజులు ఇల్లిల్లూ తిరిగాం. సెలవులు కాబట్టి పిల్లలందరూ దొరకలేదు, 90 మందిని దాకా అడిగాం. మగపిల్లలు రావద్దని గట్టిగా అన్నవాళ్ళు అనుకున్నంతమంది లేరు. ఎక్కువమంది చెప్పింది బాత్రూము గురించి, గ్రౌండు గురించి, ఇంకోటి నేను ఊహించనిది. మా బడిలో స్కూల్ లీడర్ ఎప్పుడూ అమ్మాయే కదా, మైకు పట్టుకుని ప్రార్థన నడిపేది, జెండా పండగకి ఆర్డరు ఇచ్చేది వాళ్ళే. "ఇక అవన్నీ అబ్బాయిలే చేస్తారా ఆంటీ?" అని ఆరేడుగురు అడిగారు. నేనూ ఆ మైకు ముందు నిలబడినదాన్నే. నాకు గొంతు పట్టేసింది.

మీటింగుకి 30 మంది తల్లులం వెళ్ళాం. కొంచెం వాదన అయింది. మగపిల్లల తల్లి ఒకావిడ లేచి "మా పిల్లలేమన్నా దొంగలా, అందరూ అలా చూస్తున్నారు? పెచ్చులు నెత్తిన పడే చోట మా పిల్లల్ని కూర్చోబెట్టమంటారా?" అని ఏడ్చేసింది. ఆ మాటా న్యాయమే. ఆవిడ పక్కకి వెళ్ళి కూర్చున్నాను. తర్వాత మేం అడిగినవాటికి ఆవిడ కూడా సంతకం పెట్టింది.

తీర్మానం రాయించాం మాస్టారూ. 6, 7 తరగతులు కలిపి నడుపుతారు. 8 నుంచి 10 దాకా ఇప్పుడున్న బ్యాచ్‌లు వెళ్ళిపోయేవరకు సెక్షన్లు వేరుగా ఉంటాయి. స్కూల్ లీడర్లు ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ప్రార్థన వారం మార్చి వారం. గ్రౌండు టైమ్‌టేబుల్ నోటీసు బోర్డు మీద పెడతారు. మగపిల్లలకి పడమటి వైపు కొత్త మరుగుదొడ్లు, మధ్యలో గోడ. లేడీ టీచర్ల సంగతి మా చేతిలో లేదన్నారు, పైకి రాస్తామన్నారు.

దానపత్రం దొరికింది. 1950ల్లోది. "బాలికల విద్యాభివృద్ధి నిమిత్తం" అని ఉంది. దాత గారి మనవడు మీటింగుకి వచ్చారు. ఆడపిల్లలకి ఏ లోటూ రాకపోతే మా కుటుంబం అడ్డు చెప్పదు, పేరులో మాత్రం బాలికల మాట తియ్యొద్దు అన్నారు. దాని మీద ఇంకా ఏమీ తేలలేదు.

గుంటూరు నాన్న | మే 4, ఉదయం 8:20

అమ్మా, మీరు వద్దని నిలబడి ఉంటే నేను మీ వెనక నిలబడేవాణ్ణి. మీరు అంతకంటే కష్టమైన పని చేశారు. ఎదురింటి అమ్మాయి సంగతి ఏమైంది?

ఎనిమిదో క్లాసు అమ్మ | జూలై 4, రాత్రి 9:05

ఆలస్యమైంది, క్షమించండి. బడి తెరిచి మూడు వారాలు దాటింది.

అన్నయ్యా, ఎదురింటి అమ్మాయి మొదటి వారం రాలేదు. మొత్తం నలుగురు రాలేదు. మా బడి లెక్కల టీచరూ, నేనూ, మీటింగులో ఏడ్చిన ఆవిడా కలిసి ఆ నాలుగిళ్ళకీ వెళ్ళాం. మగపిల్లాడి తల్లి వచ్చి "నా కొడుకు ఏదైనా అంటే నాకు చెప్పండి, నేను చూసుకుంటాను" అనేసరికి ఎదురింటివాళ్ళు మెత్తబడ్డారు. సెక్షన్ వేరే అని కూడా చెప్పాం. ఆ అమ్మాయి ఇప్పుడు వస్తోంది. ఇంకొకమ్మాయి కూడా వస్తోంది. మూడో అమ్మాయిని కస్తూర్బాలో వేశారు. నాలుగో అమ్మాయికి సంబంధం చూస్తున్నారని తెలిసింది. ఆ పిల్లకి పదిహేనేళ్ళు. హెచ్ఎం గారికి చెప్పాం. నవోదయ అమ్మాయి రాసిన 1098కి కూడా ఫోన్ చేశాను. వాళ్ళు ఆ ఇంటికి వచ్చి మాట్లాడి వెళ్ళారు. ఇంకా బడికి రాలేదు.

ఆరో తరగతిలో 28 మంది చేరారు, అమ్మాయిలు 13, అబ్బాయిలు 15. వాళ్ళకి ఏ పట్టింపూ లేదు, ఒకే జామెట్రీ బాక్సు నలుగురు వాడుకుంటున్నారు. పైతరగతుల్లో ఇంకా బిగదీసుకునే ఉన్నారు. ఒకరోజు మెట్ల దగ్గర ఒక అబ్బాయి మా పాప స్నేహితురాలిని పేరు పెట్టి ఏదో అన్నాడు. తను వెళ్ళి టీచరుకి చెప్పింది, వాళ్ళ నాన్నని పిలిపించారు. చెప్పగలిగింది, నాకు అదే ధైర్యం.

పీఈటీ మాస్టారూ, మీరు చెప్పినట్టు వేసవంతా పాపని పొద్దున్నే పరిగెత్తించాను. అయినా బడి తెరిచాక మొదటి పది రోజులు గ్రౌండులోకి దిగలేదు. గోడ మీద అబ్బాయిలు వరసగా కూర్చుని ఉండేవాళ్ళట. తర్వాత మంగళ, శుక్రవారాలు గ్రౌండు అమ్మాయిలదని నోటీసు పెట్టి, వాళ్ళ పీఈటీ సారు సున్నంతో కోర్టు గీతలు వేశారు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చేసరికి దీని మోకాలు దోక్కుపోయి ఉంది. పోల్ డైవ్ (ఖో ఖోలో స్తంభం పట్టుకుని దూకడం) చేసిందట. ఆరో తరగతి అబ్బాయిలు ఇద్దరు మాకూ నేర్పించవా అక్కా అని వెంటపడుతున్నారట.

పాలమూరు అక్కా, పడమటి వైపు మరుగుదొడ్లకి పునాది వేశారు కానీ మధ్య గోడ ఇంకా లేవలేదు. ఆడపిల్లల బాత్రూముకి గొళ్ళేలు మేమే చందా వేసి పెట్టించాం. సోమవారం మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నాం, ఈసారి 12 మందిమి.

పాలమూరు అక్క | జూలై 4, రాత్రి 9:40

వెళ్ళొచ్చినంక రాయి చెల్లె. నీళ్లు వస్తున్నాయా లేదా అది కూడా చూసి రా.